ఇరవై ఇద్దరు లీడర్లు, ఒక్క మేకలవ్వ

ఆ రోజుల్లో నా కంటికి మనుషులు రెండు రకాలుగానే కనిపించేవారు: కుర్చీలో కూర్చునేవాళ్లు, చాప మీద కూర్చునేవాళ్లు. నేను మొదటి రకమని నాకు పుట్టినప్పటి నుంచీ తెలుసు. మిగతా లోకానికే ఆ కబురు ఇంకా అందలేదు. బి.ఏ. పాసై ఏడాది గడిచినా నాకు దక్కిన ఏకైక కుర్చీ మా ఇంటి వసారాలో ఉండే, ఒక కాలు పొట్టిదైన చెక్క కుర్చీ. అందులో అటూ ఇటూ ఊగుతూ పేపర్లో ఉద్యోగ ప్రకటనలు చదువుతుంటే, మార్కాపురం పలకల కార్ఖానాలో మేస్త్రీగా చేసే మా నాయన, కనుబొమల దాకా పలక దుమ్ముతో ఇంటికొచ్చి, "ఏం కలెక్టరమ్మా, ఇయ్యాలన్నా ఆర్డరు వచ్చినాదా?" అని అడిగేవాడు. "వస్తాదిలే నాయనా, ఆ పొద్దు నా కారు డోరు నువ్వే తీయాల" అనేదాన్ని నేను. (నోరు మాత్రం అప్పటికే కలెక్టరు స్థాయిలో ఉండేది.) "డోరు తీస్తా గానీ, ముందు ఆ కుర్చీ కాలి కింద రాయి పెట్టుకో, పడతావు" అని కాళ్లు కడుక్కోవడానికి పోయేవాడు.

చివరికి ఒక ఉద్యోగం వచ్చింది. ఉద్యోగం అనడం మర్యాద కోసం. మూడు నెలల తాత్కాలిక పని. ఊళ్లలో చదువురాని ఆడవాళ్లను పోగేసి అక్షరాలు నేర్పాలి. చేసేది అదే అయినా పేరు మాత్రం ఘనంగా 'ప్రేరక్'. అంటే జనాన్ని ప్రేరేపించే మనిషి. మూడు రోజులు మాకు శిక్షణ ఇచ్చారు. అక్కడ నున్నగా దువ్విన తలతో ఒక సారు వచ్చి, మనిషి తిండి కోసం కొంత దూరమే నడుస్తాడని, గుర్తింపు కోసమైతే చెప్పులు తెగేదాకా నడుస్తాడని చెప్పారు. నేను ఆ మాట నోట్ బుక్కులో రాసుకుని కింద రెండు గీతలు కొట్టాను. శిక్షణ ఆఖరి రోజున అసలు సంగతి బయటపెట్టారు. నెలన్నరకు జిల్లా ఆఫీసు నుంచి పెద్దసారు తనిఖీకి వస్తారట, ఏ సెంటర్ బాగా నడుస్తుంటే ఆ సెంటర్ ప్రేరక్‌కు మండల కోఆర్డినేటర్ పదవి ఇస్తారట. ఆఫీసులో టేబులు, టేబులు వెనక తిరిగే కుర్చీ. ఆ కుర్చీని నేను కళ్లారా చూశాను. అందరూ భోజనాలకు పోయినప్పుడు ఒకసారి కూర్చుని చుట్టూ తిరిగి కూడా చూశాను. (రెండుసార్లు. వయసొచ్చాక అబద్ధాలెందుకు.) ఆ నిమిషం నుంచి నా జీవిత ధ్యేయం ఆ కుర్చీయే.

నాకు కేటాయించిన ఊరు పుల్లలచెరువు అవతల, నల్లమల అంచున ఉంది. మా మేనత్తను ఇచ్చిన ఊరే కాబట్టి మకాం వాళ్లింట్లోనే. నాయన కార్ఖానా నుంచి చట్రాల అంచులు విరిగిన పలకలు పాతిక మూటగట్టి బస్సెక్కించాడు. ఖాళీగా పడి ఉన్న పాత బడి వసారానే నా సెంటర్. చేలల్లో పని ఉండని, మేకలు కూడా నీడకు చేరే మధ్యాహ్నపు వేళ రెండు నుంచి నాలుగు దాకా చదువు. అన్నీ కుదిరాయి, చదువుకునేవాళ్లు తప్ప. నేను ఇస్త్రీ చీర కట్టుకుని వీధి వీధి తిరిగి విద్య గొప్పదనం మీద ఉపన్యాసాలు ఇచ్చాను. నీళ్ల ట్యాంకర్ కోసం బిందెలు వరస పెట్టుకుని కూర్చున్న ఆడవాళ్లు చక్కగా విన్నారు. ట్యాంకర్ వచ్చేదాకా వాళ్లకు వేరే కాలక్షేపం లేదు మరి. "చదువుకుంటే బోరులో నీళ్లు పడతాయా పాపా?" అంది ఒకామె. ఊళ్లో చిల్లర కొట్టు నడిపే ఆమె, అందరూ కొట్టు వదిన అనేవారు, నన్ను కింది నుంచి పైదాకా చూసి, "నువ్వు పదైదేండ్లు చదివినావంటనే. చదివి యాడికి పోయినావు? తిరిగి తిరిగి మా ఊరికే గదా వచ్చినావు!" అంది. బిందెలతో సహా అందరూ నవ్వారు.  

వారం రోజుల పాటు నా సెంటర్‌కు వచ్చింది ఒకే ఒక్క మనిషి. మేకలవ్వ. డెబ్బై ఏళ్లుంటాయి. పది పన్నెండు మేకల్ని బడి గోడ నీడకు తోలి, చేతికర్ర గోడకు ఆనించి, చాప మీద కూర్చుని, "ఊఁ, చెప్పు" అంది. నాకు నీరసం వచ్చింది. డెబ్బై ఏళ్ల మేకల కాపరిని చూపించి తిరిగే కుర్చీ ఎట్లా అడుగుతాను? "ఒక్కదానివే అయితే సెంటర్ నడవదు అవ్వా" అన్నాను. "చెప్పేదానివి నువ్వొక్కదానివే గదా, ఇనేదాన్ని నేనొక్కదాన్ని. సరిపోలా?" అంది. పలక మీద 'అ' రాసి ఇచ్చాను. ఆమె దాన్ని పక్కన పెట్టేసింది. "నాకు అఆలు వద్దు పాపా. కంభం నేర్పియ్యి."

కథేమిటంటే, అవ్వ కూతుర్ని కంభంలో ఇచ్చారు. ఏడాది కిందట కూతురి కాన్పుకని బయల్దేరి మార్కాపురం బస్టాండులో దిగి, కంభం బస్సు ఏదని ఎవరినో అడిగితే, అతను ధ్యాస లేకుండా చెయ్యి చూపించాడట. ఈమె ఎక్కి కూర్చుంది. బస్సు కనిగిరి పోయింది. తిరిగి తిరిగి మర్నాటికి కంభం చేరేసరికి మనవడు పుట్టి ఏడుస్తున్నాడు. "కూతురు ఏమనలా. బస్సులో వాళ్లే నవ్వినారు, బోర్డు చూసుకోవద్దా ముసలమ్మా అని. ఆ నవ్వుకు పోయింది నా పానం" అంది. సరే అని పలక మీద 'కంభం' అని రాసి ఇచ్చాను. ఆమె నాలుగు రోజులు ఆ ఒక్క మాటనే దిద్దింది. నేను ఆ నాలుగు రోజులూ గుమ్మం వైపు చూస్తూ కూర్చున్నాను.

అప్పుడు నోట్ బుక్కులో రెండు గీతలు కొట్టుకున్న మాట గుర్తొచ్చింది. గుర్తింపు! వెంటనే మా అత్తను సెంటర్ లీడర్‌గా నియమించాను. (ఆమె పెట్టే రాగి సంగటికి, ఊరిమిండి పచ్చడికి నా విశ్వాసం అట్లా చాటుకున్నాను.) అత్త ఆ సాయంత్రమే ఊరంతా చెప్పుకొచ్చింది. మర్నాడు కొట్టు వదిన నేరుగా వచ్చి నడుము మీద చెయ్యి వేసుకుని నిలబడింది. "ఏంది పాపా, మీ అత్త లీడరంట? ఆమెకేం వచ్చని? కొట్టులో నాలుగు రకాల సబ్బులు గుర్తుపట్టి ఇస్తా నేను. ఆమె కింద నేను కూర్చోవాల్నా?" "కింద కాదొదినా, నువ్వు అసిస్టెంట్ లీడర్‌వి" అన్నాను ఉన్నపళంగా. వదిన చెయ్యి నడుము మీద నుంచి దిగింది. చాప మీద కూర్చుంది. ప్రేరణ శాస్త్రమంతా నా గుప్పిట్లోకి వచ్చినట్టు అనిపించింది.

ఆ తర్వాత పది రోజులు నేను పదవులు పంచిన తీరు చూస్తే ఏ ప్రభుత్వమైనా సిగ్గుపడాలి. చాపలు పరిచే ఆమె చాపల లీడర్. కుండలో నీళ్లు నింపే ఆమె నీళ్ల లీడర్. పలకలు పంచడానికి ఒకరు, తిరిగి తీసుకోవడానికి ఒకరు. (ఇద్దరూ తోడికోడళ్లు. ఒకే పదవి ఇస్తే ఇల్లు నిలవదు.) హాజరు లీడర్‌కు రాయడం రాదు కాబట్టి గోడ మీద బొగ్గుతో చుక్కలు పెట్టేది. ఏ చుక్క ఎవరిదో ఆమెకే తెలుసు. పదవులు అయిపోయాక, పెద్దసారు తనిఖీకి వచ్చినప్పుడు చప్పట్లు మొదలుపెట్టడానికి ఒక చప్పట్ల లీడర్‌ను కూడా వేశాను. మార్కాపురం పోయి, ఫ్యాన్సీ దుకాణం చాచా దగ్గర గులాబీ రంగు రిబ్బను తెచ్చి, అట్టముక్కలకు కుట్టి అందరికీ బ్యాడ్జీలు చేశాను. "ఇంతమంది పెండ్లికూతుర్లకు ఒకే ముహూర్తమా బేటీ?" అన్నాడు చాచా రిబ్బను కొలుస్తూ. నెలన్నర తిరిగేసరికి ఇరవై ఇద్దరు లీడర్లు గులాబీ పువ్వులతో నా ఎదుట కూర్చున్నారు. వసారా కళకళలాడిపోయింది. నాకు కళ్లు మూసినా తెరిచినా కుర్చీ తిరుగుతూ కనిపించేది.

చదువు ఎప్పుడు చెప్పానని అడుగుతారేమో. తీరిక ఏదీ? కుండలో నీళ్లు చాప మీద ఒలికితే తుడవాల్సింది నీళ్ల లీడరా, చాపల లీడరా అన్న ఒక్క పంచాయితీకే రెండు మధ్యాహ్నాలు పట్టింది. "నీళ్లు నీయి, నువ్వు తుడువు!" "చాప నీది, నువ్వు ఎత్తుకో!" తీర్పు చెప్పేలోపు ఎండకు అవే ఆరిపోయేవి. ఈ గోలంతా జరుగుతుంటే మేకలవ్వ మూలన కూర్చుని, నేను ఊపిరి తీసుకునే సందు చూసి, "పాపా, ఇయ్యాల గిద్దలూరు రాసియ్యి" అనేది. మరో రోజు నంద్యాల. మరో రోజు యర్రగొండపాలెం. ("ఇది మరీ పొడుగు గదే, బస్సు పట్టదు" అంది పలక చూసి.) బస్టాండులో ఏయే బోర్డులుంటాయో, ఏది దీర్ఘమో ఏది కొమ్మో అడిగి తెలుసుకుంటూ, అన్నీ వరసగా రాయించుకుంది.

బ్యాడ్జీ లేకుండా మిగిలింది ఆమె ఒక్కతే. నా సెంటర్ అందానికి అది మచ్చలా ఉందని, ఒకరోజు ఆమె చేతిలోనూ ఒకటి పెట్టాను. "అవ్వా, నువ్వు మేకల లీడర్‌వి. మేకలు లోపలికి రాకుండా చూసే బాధ్యత నీది."

"ఇదేందే?" అని తిప్పి తిప్పి చూసింది.

"ఇది పెట్టుకుంటే అందరిలో నువ్వు వేరేగా కనబడతావు. అదిగో, మందలో ఆ నల్లమేకకు గంట కట్టినావు చూడు, అట్లన్నమాట. అది లీడరే గదా?"

అవ్వ నవ్వింది. దగ్గొచ్చేదాకా నవ్వింది. "లీడరా? ఆ దొంగముండా? మందనిడిసి చేలల్లో పడతాది పాపా అది. అడివిలోకి దూరితే మళ్లా దొరకదు. యాడుందో ఎతుక్కోవాలని కట్టినా గంట. కుదురుగా నడిసేదానికి గంటతో పనేముండాది?"

"మరి ముందు నడిచేది ఏది?"

"ఆ ముసిల్ది, కొమ్మిరిగింది. నీళ్లు యాడుంటాయో దానికి తెలుసు. మిగతాయి దాని ఎనక పోతాయి. నువ్వు లీడరువని దానికి ఎవరు చెప్పినారు?" అని, బ్యాడ్జీ నా చేతిలో పెట్టేసి, నా ఇరవై ఇద్దరి వైపు జాలిగా చూసింది. "ఇంతమందికి కట్టినావే! అందరూ తప్పిపోయేవాళ్లేనా?"

నాకు కోపం వచ్చింది. మేకల కాపరికి ప్రేరణ శాస్త్రం ఏం తెలుస్తుందిలే అనుకుని వచ్చేశాను.

పెద్దసారు వచ్చే రోజు రానే వచ్చింది. జీపు ఆగి తలుపు తెరుచుకోగానే చప్పట్ల లీడర్ ఆవేశం ఆపుకోలేక మొదలుపెట్టేసింది. మిగతా ఇరవై ఒక్కరూ అందుకున్నారు. దిగింది డ్రైవరు. పాపం అతను సిగ్గుతో మెలికలు తిరిగి అందరికీ దండం పెట్టాడు. వెనక తలుపు తీసుకుని పెద్దసారు దిగేసరికి చప్పట్లు అయిపోయాయి. సన్నగా, కళ్లజోడుతో, ఎండకు కమిలిపోయి ఉన్నారు ఆయన. చాప మీదున్నవాళ్లను చూసి ముచ్చటపడి, "హాజరు బ్రహ్మాండంగా ఉందమ్మా!" అన్నారు. నా గుండె తిరిగే కుర్చీలా ఒక చుట్టు తిరిగింది. "ఇక్కడ లీడర్ ఎవరు?"

ఇరవై ఇద్దరూ లేచి నిలబడ్డారు.

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నారు. "అందరూ లీడర్లేనా! మరి చదువుకునేదెవరు?"

 మూల నుంచి మేకలవ్వ కూర్చునే చెయ్యెత్తింది. "నేను సారూ. నాకు పదవేం లేదు. ఊరికే చదువుకుంటన్నా."

ఆయన ఒక పలక తీసుకుని ఏదో రాసి ముందుగా మా అత్తకు చూపించారు. "కళ్లజోడు ఇంట్లో మర్సినా సారూ" అంది అత్త. (ఆమె ముఖం మీద కళ్లజోడు నేను ఆనాటికీ చూడలేదు, ఈనాటికీ చూడలేదు.) కొట్టు వదిన వైపు తిప్పారు. "లీడర్ చదవకుండా అసిస్టెంట్ చదివితే మర్యాద కాదు గదా సారూ" అంది వదిన వినయంగా. పలక అట్లా చేతులు మారుతూ చివరికి మూలకు చేరింది. అవ్వ దాన్ని దూరంగా పట్టుకుని, వేలు పెట్టి మొదలుపెట్టింది. "ఇది నంద్యాల న. దీర్ఘం ఉండాది... నా. ఇది యర్రగొండపాలెం య. ఇది మన కంభం క, పక్కన కొమ్ముండాది... కు. ఇది మార్కాపురం ర, దీనికీ దీర్ఘమే... రా. గిద్దలూరు ల... లు." మళ్లీ మొదటికి పోయి, అన్ని ఊళ్లనూ ఒక బస్సులోకి ఎక్కించినట్టు కూడబలుక్కుని చదివింది. "నా-య-కు-రా-లు." ఆ తర్వాత తలెత్తి, "అంటే ఏంది సారూ?" అంది.

"లీడర్, అవ్వా."

అవ్వ ఆ గులాబీ పువ్వుల వరస వైపు ఒక చూపు చూసి, "అంటే ఈళ్లేనా!" అంది.

పెద్దసారు నవ్వు ఆపుకోవడానికి గోడ మీది బొగ్గు చుక్కల్ని చాలాసేపు పరిశీలించారు. "నీకు చదువు ఎవరు నేర్పినారవ్వా?" అని అడిగారు. "ఈ పాపే సారూ. బాగా చెప్తాది. ఈళ్లు కొట్లాట ఆపినప్పుడల్లా చెప్తాది" అంది. నన్ను కాపాడాలనే అంది. జీపెక్కే ముందు ఆయన నాతో, "ఇరవై ఇద్దరిని లీడర్లను చేశావు గానీ ఒక్కరికీ చదువు చెప్పలేదు కదమ్మా" అన్నారు. ఊరుకుంటానా? "ఒక్కరికి చెప్పినాను కదా సార్!" అన్నాను. "ఆ ఒక్కరికీ నీ పదవి అక్కర్లేకపోయింది, గమనించావా?" అన్నారు మెల్లగా.  తిరిగే కుర్చీ వేరే ఊరి ప్రేరక్‌కు పోయింది. ఆమె సెంటర్‌లో పదకొండు మందే ఉన్నారు, లీడర్లు లేరు, పదకొండు మందీ చదివారు.

ఆ రాత్రంతా ఏడ్చి, మర్నాడు మూట సర్దుకుందామనుకుంటూనే వసారాకు వెళ్లాను. మేకలవ్వ పక్కన కొట్టు వదిన కూర్చుని ఉంది. బ్యాడ్జీ లేదు. "పాపా, నాకు సబ్బుల పేర్లు రాసియ్యి. ముసలామె నంద్యాల దాకా పోయినాది, నేను కొట్టు కాడే ఉండిపోయినా" అంది. వెనకనే మా అత్త, మరో ఆరుగురు. మిగతా నెలన్నర నేను నిజంగా చదువు చెప్పాను. ఎవరికి కావలసిన మాట వాళ్లకు. నీళ్లు ఒలికితే ఎవరు దగ్గరుంటే వాళ్లు తుడిచారు.

మూడు నెలలు నిండిన రోజున నేనూ అవ్వా ఒకే బస్సులో మార్కాపురం వచ్చాం. మనవడి పుట్టెంటికలు తీయించేందుకు కంభం పోతోంది ఆమె. మేకల్ని మా అత్తకు అప్పగించింది. (మేకల లీడర్ బ్యాడ్జీ ఊరికే పోలేదు.) బస్టాండులో నన్ను వెనక నిలబడమని, ఒక్కొక్క బోర్డు ముందు ఆగి చూసుకుంటూ వెళ్లి ఒక బస్సు దగ్గర నిలబడింది. అంతలో చంకలో బిడ్డతో ఒకామె పరుగున వచ్చి, "అవ్వా, ఈ బస్సు యాడికి పోతాది?" అని అడిగింది. బస్టాండులో అంతమంది ఉండగా ఆమె మా అవ్వనే అడిగింది! అవ్వ వెంటనే చెప్పలేదు. కొంగు సర్దుకుంది. బోర్డు వైపు తలెత్తి, తెలిసిన మాటనే మళ్లీ ఒకసారి నిదానంగా చదువుకుని, "కంభం" అంది. అని, నా వైపు తిరిగి చూసింది. ఆ ముఖం చూశాక తెలిసింది, పదవి వద్దన్న మనిషికి గొప్ప వద్దనేం కాదని. ఎన్ని తిరిగే కుర్చీల్లో కూర్చున్నా నాకు ఆ ముఖం రాదు.

బస్సెక్కే ముందు కొంగుముడి విప్పి నల్లమేక గంట తీసి నా చేతిలో పెట్టింది. "అది ఈనింది. ఇప్పుడు కుదురుకున్నాది, దానికి అక్కర్లా. నువ్వింకా కుదురుకోలా. ఉంచుకో" అని, కిటికీ పక్కన సీటు కోసం ఎవరినో అప్పుడే గద్దించడం మొదలుపెట్టింది. ఇంటికి వెళ్తే నాయన ఏమీ అడగలేదు. వసారాలో చెక్క కుర్చీకి పొట్టి కాలి కింద పలక ముక్క ఒకటి అరగదీసి అతికించి ఉంది. "కూర్చో కలెక్టరమ్మా, ఇంక ఊగదు" అన్నాడు.

ఇప్పుడు నేను మార్కాపురంలోనే ఒక కాలేజీలో పాఠాలు చెబుతున్నాను. అవ్వా లేదు, నాయనా లేడు. మొన్న కాలేజీ వార్షికోత్సవానికి పద్నాలుగు మందితో కమిటీ వేస్తే పద్నాలుగు మందీ కన్వీనర్లే అయ్యారు. వాట్సాప్ గ్రూపులో అందరూ అడ్మిన్లే. నేను ప్రిన్సిపాలుతో అరగంట వాదించి 'ముఖ్య కన్వీనర్' అని రాయించుకున్నాను. సాసరంత బ్యాడ్జీ. ఆ రోజు పొద్దున్నే అద్దం ముందు అది పెట్టుకుని, కాస్త పక్కకు తిరిగి చూసుకుని, బీరువా మీది తాళాల గుత్తి అందుకున్నాను. గుత్తికి ఉన్న గంట గణగణమంది. పాతికేళ్లకు పైగా మోగుతూనే ఉంది అది. ఆ పొద్దు మాత్రం, ఒక ముసలామె దగ్గొచ్చేదాకా నవ్వినట్టు వినపడింది. నేనూ నవ్వాను. బ్యాడ్జీ మాత్రం తీయలేదు. ఎవరైనా నన్ను వెతుక్కోవాల్సి వస్తే పనికొస్తుంది కదా.